తెర మీది చాట

జొన్నపిండిని వేడినీళ్లతో కలిపి అరచేతితో అదిమితే, అది మొదట ఎదురుతిరుగుతుంది, తరువాత లొంగుతుంది, చివరికి వేలి గుర్తును కాసేపు తన మీద ఉంచుకుంటుంది. ఆ బుధవారం పొద్దున పీట మీద ముద్దను అదుముతూ నేను ఆలోచిస్తున్నది రొట్టెను గురించి కాదు, ఒక బటన్‌ను గురించి. పిండికి ఉన్న ఈ మర్యాద ఫోన్ తెరకు లేదు. ఎంత నొక్కినా అద్దం అద్దమే. నొక్కిన వేలికి నొక్కానన్న నమ్మకం కలగదు. ఆ నమ్మకాన్ని కలిగించడమే నా ఉద్యోగం. లేని వస్తువుకు అంచు గీయాలి. అంచు కింద సన్నని నీడ వేయాలి. వేలు తగలగానే ఆ నీడ తగ్గి, వస్తువు కొంచెం కిందికి దిగినట్టుండాలి. వదలగానే పైకి లేవాలి, లేస్తూ వేలికొసలో ఒక చిన్న వణుకును విడిచిపోవాలి. ఆ వణుకు ఎంతసేపుండాలన్నదే మూడు రోజులుగా నన్ను నిలవనీయడం లేదు. కాస్త ఎక్కువైతే ఎవరో ఫోన్ చేసినట్టుంటుంది, కాస్త తక్కువైతే ఏమీ జరగనట్టుంటుంది.

"శ్రీవాణీ," ముందుగదిలోంచి నరేశ్ పిలిచాడు. "ఆదివారం మా కాలేజోళ్లు నలుగురు తిననీకె వస్తున్నరు. ప్రిన్సిపాల్ సారు గూడ. నాటుకోడి నేను తెప్పిస్త. నీ చేతి జొన్నరొట్టెలంటే వాళ్లకు పానం."

అది పొగడ్తా, కబురా, ఆజ్ఞా? పెళ్లయిన మూడేళ్లుగా ఈ ఇంట్లో ఆ మూడూ ఒకే గొంతుతో వినబడుతున్నాయి. ఆదివారం మధ్యాహ్నం నాకు కోస్గిలో సమావేశం ఉందని చెప్పాను. రొట్టె తట్టే చప్పుడులో ఎంత వినబడిందో తెలియదు. "మీటింగులు నువ్వు ఫోన్‌లనే చేస్తవ్ గద," అని జవాబొచ్చింది. అంటే వినబడింది.

నేను పనిచేసేది హైదరాబాదులోని ఒక చిన్న కంపెనీకి, దేవరకొండలోని ఈ ఇంటి నుంచి. ముందుగదిలో సాయంత్రాలు నరేశ్ ట్యూషన్ పిల్లలుంటారు, పడకగదిలో బీరువాకూ మంచానికీ పోగా కుర్చీకి చోటు మిగలదు. కాబట్టి వంటగది పక్కన, బియ్యపు డ్రమ్ముకు ఆనుకుని, నా బల్ల. అవతలివాళ్లు మాట్లాడుతున్నంతసేపూ నా మైకు మూసి ఉంటుంది, పోపు చప్పుడు వాళ్లకు వినబడకుండా. నేను మాట్లాడేటప్పుడు పొయ్యి ఆపేస్తాను. ఏ రోజు ఎన్నిసార్లు పొయ్యి ఆపానో అదే ఆ రోజు నేను నోరు విప్పిన లెక్క. నరేశ్ నన్ను తన స్నేహితులకు పరిచయం చేసే మాట ఒకటే: "మా మిసెస్. ఇంట్లనే ఉంటది." అత్తమ్మ అరుణమ్మ వాడకట్టులో చెప్పుకునే మాట ఇంకొకటి: "మా కోడలు ఫోన్ల బొమ్మలు గీస్తది. పొద్దంత గా డబ్బా ముందటనే." రెండింటిలోనూ అబద్ధం లేదు. అబద్ధం లేని మాట ఇంత చిన్నబుచ్చగలదని ఈ ఇంటికి వచ్చాకే తెలిసింది.

కోస్గి చుట్టుపక్కల ఊళ్లలో కంది పండించే ఆడవాళ్ల సంఘం ఒకటుంది. వాళ్లు కందులను ఇంట్లోనే శుభ్రం చేసి, ఎన్ని బస్తాలు, ఎంత తాలు పోయింది, ఎంత ఆరాయి అన్న వివరాలను ఫోన్‌లో నమోదు చేయాలి. దాని కోసం మా కంపెనీ ఒక యాప్ చేసింది. మొదటిసారి అది తెల్లని తెర, నీలి అక్షరాలు, అంతే. ఎక్కడా అంచు లేదు, నీడ లేదు. చివర "శుభ్రం చేశాం" అన్న మాట మీద నొక్కితేనే పని పూర్తయినట్టు. ఎవరూ నొక్కలేదు. ఒక వారమంతా నడుములు పడిపోయేలా చెరిగిన కందులు శుభ్రం చేయనివిగా లెక్కలో పడ్డాయి. ఎందుకు నొక్కలేదని అడిగితే సంఘం పెద్ద గోపమ్మ ఫోన్‌లోనే నన్ను కడిగేసింది: "గది ఒత్తేదని మాకెట్ల ఎర్క బిడ్డా? బోర్డు మీద రాసినట్టున్నది. బోర్డును ఎవరన్న ఒత్తుతరా?"

ఆ మాట నాలో ముల్లులా దిగింది. అప్పటినుంచి ఆ తెర మీది ప్రతిదానికీ ఒళ్లు ఇవ్వడం మొదలుపెట్టాను. బటన్‌కు మందం ఇచ్చాను. బస్తాకు బరువిచ్చాను, వేలు జారి తగిలినంతమాత్రాన తొలగిపోకుండా, వేలి వెనకే ఒక అడుగు ఆలస్యంగా, ఈడ్చినట్టు కదిలేలా. తాలు ఎంత పోయిందో చెప్పే పేజీలో ఒక చాటను గీశాను. వెదురు బద్దల అల్లిక, అంచుకు కట్టిన కట్టు, నూనె పట్టి నల్లబడిన మూల, ఏదీ వదలలేదు. అందులో కందిగింజలు పోశాను. కేవలం బొమ్మే. కింద ఒక బటన్, దాన్ని నొక్కితే తరువాతి పేజీ.

దాన్ని పరీక్షించిన రోజు మా బృందం కోస్గిలో ఉంది, నేను ఇక్కడ బియ్యపు డ్రమ్ము పక్కన వీడియోలో ఉన్నాను. "గంత దూరం నీకెందుకు, వాళ్లున్నరు గద," అన్నాడు నరేశ్, నేను ఉండిపోయాను. వీడియో నడుస్తున్న ఫోన్‌లోనే యాప్ తెరిచి ఇస్తే గోపమ్మ అందుకుంది. ఆమె ముఖం నా తెర నిండా ఉంది, చాటను చూసి ఆ ముఖం విచ్చుకోవడం నేను చూశాను. మరుక్షణం ముఖం పోయింది. ఆకాశం, రేకుల షెడ్డు, మళ్లీ ఆకాశం, ఎర్రమన్ను, చీకటి. చుట్టూ నవ్వులు. నాకు ఏమైందో అర్థమయ్యేసరికి కొంతసేపు పట్టింది. చాటను చూడగానే ఆమె ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుని చెరిగింది. ఫోన్ చేతుల్లోంచి ఎగిరి కింద పడింది.

"పగిలిందా బిడ్డా?" ఎర్రమన్నులోంచి ఆమె గొంతు. "చాట గదా అని ఎగరేసిన. చెయ్యి ఆగలే."

మా బృందానికి పెద్ద గోపీకృష్ణ ఆ సాయంత్రం, "ఆ చాట బొమ్మ తీసేద్దాం శ్రీవాణి గారూ, తికమక పడుతున్నారు," అన్నాడు. ఆమె తికమక పడలేదు. చాటతో ఏం చేయాలో అదే చేసింది. తప్పు బొమ్మది, చాటలా కనబడుతూ చాటలా ప్రవర్తించనిది అదే. నేను పొయ్యి ఆపి ఆ మాటే చెప్పాను. ఫోన్‌ను మెల్లగా వంచితే గింజలు జారాలి, చిన్నగా ఎగరేస్తే తాలు పైకి లేచి అవతల పడాలి, మంచి గింజ బరువుకు వెనక్కి చేరాలి, ఎంత తాలు పోయిందో అదే లెక్కపెట్టుకోవాలి. నాకు మూడు వారాలివ్వండి అన్నాను. అంత పొడుగు మాట ఆఫీసులో నేను మాట్లాడటం అదే మొదలు.

గింజ జారడానికి ఎంత వాలు కావాలి? నరేశ్ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. అడిగాను. ఎంత సంతోషించాడో! కాగితం మీద వాలుబల్ల గీశాడు, బల్ల మీద దిమ్మె గీశాడు, ఘర్షణకు బాణం గుర్తు పెట్టాడు. అరగంట చెప్పాడు, మధ్యలో రెండుసార్లు చాయ అడిగాడు. చివర పెన్నుకు మూత పెడుతూ నవ్వాడు. "గని పిచ్చిదానా, ఫోన్ల గింజలే లేవు. లేనిదానికి ఘర్షణేంది, బరువేంది?" మీరు కాగితం మీద గీసిన బల్ల మాత్రం ఉందా అని అడగాలనిపించింది. చాయ గ్లాసులు తీసుకుని లోపలికి వచ్చాను. చాలా మాటలు నాతో గ్లాసుల్లా లోపలికి వచ్చేస్తాయి, కడిగి బోర్లిస్తాను.

లెక్కలు దొరికాయి కానీ చాట దొరకలేదు. దొరికింది డాబా మీద. మామ లింగస్వామి పొలంలో పండిన కందులను అత్తమ్మ రోజూ పొద్దెక్కకముందే అక్కడ కొన్ని చెరుగుతుంది. బట్టలు ఆరేస్తూ విన్నాను. మూడు ఎగరవేతలు, ఒక పక్క జరుపు, తరువాత ఎడమచేతి వేళ్లతో చాట అంచు మీద రెండు చిన్న దెబ్బలు, మళ్లీ మూడు. నేను ఒకప్పుడు పద్యాలు రాసుకునేదాన్ని. ఆ నడక నన్ను కట్టిపడేసింది. పిట్టగోడ మీద ఫోన్‌ను ఆనించి, మా అమ్మతో మాట్లాడుతున్నట్టు నటిస్తూ, ఆ చేతులను తీశాను. ఒక రోజు కాదు, పద్నాలుగు రోజులు. తీసినదాన్ని మెల్లగా తిప్పి చూస్తే మణికట్టు ఎక్కడ బిగుస్తుందో, ఎక్కడ వదులవుతుందో తెలిసింది. చప్పుడును కూడా తీసుకున్నాను. అందులో ఆమె దగ్గు ఉంటే కత్తిరించాను. గాజుల చప్పుడు అడ్డుపడుతుంటే దాన్నీ ఊడదీశాను. మిగిలింది వట్టి వెదురు, వట్టి గింజ. అది విన్న రోజు నా చేతుల మీద రోమాలు లేచాయి. తెర మీది చాట ప్రాణంతో చెరుగుతోంది.

శుక్రవారం గోపీకృష్ణ ఫోన్ చేశాడు. ఆదివారం కోస్గి సమావేశంలో సంఘం ముందు, కొనుగోలు చేసేవాళ్ల ముందు దీన్ని చూపించాలి. ఒప్పుకుంటే ముప్పై ఊళ్లకు వెళుతుంది.

"చాలా బాగుంది. కాకపోతే బరువు ఎక్కువైంది. ఆఫీసులో పిల్లలంతా చూశారు, మందకొడిగా ఉందంటున్నారు. సగానికి తగ్గించి రేపు సాయంత్రానికి ఫైళ్లు పంపండి. నేను చూపిస్తాను."

"బరువు తగ్గిస్తే తాలుతో పాటు గింజ కూడా ఎగిరిపోతుంది సార్. నేనే వచ్చి చూపిస్తాను."

"మీకెందుకండీ శ్రమ? ఇంటి దగ్గర ఇబ్బంది కదా. మేమంతా అర్థం చేసుకుంటాం. బృందం చేసిందని చెబుతాంగా."

అంత మెత్తగా తలుపు వేసినవాళ్లను నేను చూడలేదు. అర్థం చేసుకునేవాళ్లతో ఎలా పోట్లాడాలి? ఆ రాత్రంతా ఒకటే పొర్లడం. పంపితే నా చాట అతని చేతిలో తేలికైపోయి, పేరు లేనిదై, ముప్పై ఊళ్లలో తప్పుగా చెరుగుతుంది. పంపకపోతే ఉద్యోగం ఉంటుందో ఉండదో. పోతానంటే ఆదివారం, నలుగురు అతిథులు, ప్రిన్సిపాల్ సారు. తెల్లవారేలోగా మూడుసార్లు నిర్ణయించుకున్నాను, నాలుగుసార్లు మార్చుకున్నాను. నా పని, నా మూడు వారాలు, నా చాట. ఆ 'నా' అన్న మాటను ఎన్నిసార్లు అనుకున్నానో.

శనివారం మధ్యాహ్నం నాటుకోడి వచ్చింది, కోయించి, పసుపు రాయించి ఫ్రిజ్‌లో పెట్టించాడు నరేశ్. బరువు సరిగ్గానే ఉందని గోపీకృష్ణకు రుజువు చేయాలంటే నిజంగా చెరిగే చేతిలో ఒకసారి పెట్టి చూడాలి. ఇంట్లో ఆ చెయ్యి ఒకటే ఉంది. వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న అత్తమ్మ దగ్గరికి ఫోన్ తీసుకుపోయాను.

"అత్తమ్మా, జర దీన్ని చెరుగుతరా? కింద పడేయకుంట, మెల్లగ."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని అందుకుంది. చాటను చూసి, "మంచిగ గీసినవే," అంది. చిన్నగా ఎగరేసింది. గింజ లేచి పడింది. మళ్లీ ఎగరేసింది. తాలు తెర అవతలికి పోయింది. మూడోసారి ఎగరేసి, పక్కకు జరిపి, చెవి దగ్గర పెట్టుకుంది. అంచు మీద రెండు దెబ్బలు ఫోన్‌లోంచి వినబడ్డాయి, ఆమె కొట్టకుండానే.

నేను ఆమె ముఖంలో సంతోషం కోసం చూస్తున్నాను. ఆమె కదలడం మానేసింది.

"గీ అంచు కొట్టుడు ఈడోళ్లకు రాదు. మా నకిరేకల్ దిక్కుది. మా అమ్మ కొట్టేది." మళ్లీ విన్నది. "ఇది నా చెయ్యి గద."

"అవునత్తమ్మా."

"గాజుల సప్పుడేది మరి?"

"అడ్డం వస్తుందని తీసేసిన," అన్నాను.

"ఎప్పుడు తీస్కున్నవ్ ఇదంత?"

చెప్పాను. పిట్టగోడను గురించి, పద్నాలుగు రోజులను గురించి, మా అమ్మతో మాట్లాడని మాటలను గురించి. చెబుతున్నకొద్దీ నా గొంతు గోపీకృష్ణ గొంతులా మెత్తబడుతోందని నాకే తెలుస్తోంది. మీకు శ్రమెందుకని అడగలేదు అత్తమ్మా, అని కూడా అన్నాను. ఆ మాట నా నోటిలోంచే వచ్చింది.

అత్తమ్మ అరవలేదు. ఫోన్‌ను చింతపండు చాటలో కాకుండా, జాగ్రత్తగా, నా అరచేతిలో పెట్టింది.

"నలుగురిని పిలిచినని మా నరేశ్ నాకు నిన్న చెప్పిండు. నిన్ను అడిగిండా? అడగలే. వాళ్ల నాయిన గట్లనే, ముప్పై ఏండ్ల సంది నన్నడిగింది లేదు. మొగోళ్లే అడగరనుకున్న పిల్లా."

వాకిట్లో ఎండ ఉన్నచోటే ఉంది. ఆమె మళ్లీ చింతపండు ముందుకు జరుపుకుంది. నేను లోపలికి వచ్చి బల్ల ముందు కూర్చున్నాను. లేచాను. కూర్చున్నాను. మూడు వారాలుగా ఒక వస్తువుకు బరువు ఎలా వస్తుందో కనిపెట్టానని మురిసిపోయాను. అది లెక్కల్లోంచి రాలేదు. తెల్లవారుజామున, మోకాళ్ల నొప్పితో డాబా మెట్లు ఎక్కిన ఒక మనిషి మణికట్టులోంచి వచ్చింది. ఆ మనిషి ఉన్నదని చెప్పే చప్పుళ్లన్నింటినీ నేనే వెతికి వెతికి కత్తిరించాను, అంత శ్రద్ధగా, అంత నైపుణ్యంగా. గోపీకృష్ణ నన్ను బృందంలో కలిపేయడం నాకు అన్యాయమైతే, నేను చేసిందానికి ఏ పేరు పెట్టాలి?

సాయంత్రం మళ్లీ వాకిట్లోకి పోయి ఆమె ఎదుట కింద కూర్చున్నాను.

"అత్తమ్మా, ఇప్పుడు అడుగుతున్న. మీ చెరుగుడు నేను రేపు కోస్గిల పదిమందికి చూపియ్యాలె. వద్దంటే తీసేస్త, తీసి వట్టి బొమ్మతోటి పోత. మీ ఇష్టం."

"సోంచాయించి చెప్త," అంది.

ఆలోచించి చెబుతానన్న ఆ జవాబుకు నాకు కోపం రాకపోవడం నన్నే ఆశ్చర్యపరిచింది. గోపీకృష్ణకు రాశాను: ఫైళ్లు పంపడం లేదు, బరువు తగ్గించడం లేదు, పన్నెండింటికి నేనే కోస్గిలో ఉంటాను. చెరిగే పద్ధతి ఇంకొకరిది, ఆమె ఒప్పుకుంటేనే చూపిస్తాను. పంపాక ఫోన్ వరుసగా మూడుసార్లు మోగింది. పొయ్యి ఆపలేదు, ఫోన్ ఎత్తలేదు. అన్నం పెడుతూ నరేశ్‌కు చెప్పాను, పొద్దున అయిదింటి బస్సుకు కల్వకుర్తి మీదుగా పోతున్నానని.

"మరి మావోళ్లు?"

"కోడి ఫ్రిజ్‌ల ఉన్నది. మీరు పిలిచిన్రు, మీరే వండుండ్రి."

"నాకు రొట్టెలొస్తయా శ్రీవాణీ? నవ్వుతరు వాళ్లు. అమ్మా, నువ్వన్న చెప్పు జర."

అత్తమ్మ పళ్లెంలోంచి తలెత్తలేదు. "నాకు రేపు మోకాళ్లు నొస్తయ్. పండుకుంట," అంది. రేపు నొచ్చే మోకాళ్లను గురించి ఇవాళే చెప్పగలిగిన మనిషి ముందు ఫిజిక్స్ ఏం పనిచేస్తుంది? నరేశ్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చెయ్యి కడుక్కుని, అలిగి ముందుగదిలోకి పోయాడు.

పొద్దున నాలుగున్నరకు నేను చెప్పులు వేసుకుంటున్నాను. నా దగ్గర రెండు ఫైళ్లున్నాయి, ఒకదానిలో చాట చెరుగుతుంది, ఒకదానిలో చెరగదు. ఏది చూపించాలో ఇంకా తెలియదు. అత్తమ్మ తలుపు దగ్గరికి వచ్చింది. చేతిలో రెండు రొట్టెలు, పచ్చిపులుసు సీసా. అవి నా సంచిలో పెట్టి, పెట్టడం అయ్యాక చెప్పింది.

"తీస్కపో. గని గాజులు మళ్ల పెట్టు."

"పెడ్తనత్తమ్మా. మీ పేరు గూడ..."

"నా పేరెందుకు? నాకెవరు నేర్పిన్రు? మా అమ్మ నేర్పింది. ఈరమ్మ ఆమె పేరు. ఆధార్ కార్డు రాకముందే సచ్చిపోయింది, యాడ రాసిలేదు. గా పేరు రాయి."

కల్వకుర్తి దాటాక బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఒళ్లో లాప్‌టాప్ తెరిచాను. గాజుల చప్పుడును, కత్తిరించిన చోటే, ఒక్కొక్కటిగా తిరిగి అతికించాను. రోడ్డు గుంతలకు చెయ్యి వణుకుతోంది, జడ్చర్ల దగ్గరికి వచ్చేసరికి పూర్తయింది. దగ్గును కూడా ఒకటి ఉంచాను. ఇక పేరు. తెర పైనుంచి కిందిదాకా వెతికాను. చాట, బస్తాలు, బటన్లు అన్నీ తమ తమ చోట్లలో ఒత్తుగా ఉన్నాయి. ఖాళీ లేదు. పైన నడిమధ్యన మాత్రం కంపెనీ గుర్తు ఉంది, దాని చుట్టూ వేలెడంత తెల్లని జాగా. దాన్ని ముట్టుకోకూడదని నాకు ఉద్యోగంలో చేరిన మొదటి రోజే చెప్పారు. మహబూబ్‌నగర్ బస్టాండులో బస్సు ఆగి, జనం దిగి, జనం ఎక్కి, మళ్లీ కదిలేదాకా ఆ గుర్తును చూస్తూ కూర్చున్నాను. తరువాత దాన్ని తీసేసి, ఆ జాగా నిండా పట్టేటంత పెద్ద అక్షరాలతో ఈరమ్మ అని రాశాను.